డబ్బా అక్క, అసలక్క

నాకు కోపం ఎక్కువని మా స్కూల్లో అందరూ అంటారు. ఎక్కువేం కాదు, సరిపడా ఉంటుంది. ఎదుటివాళ్ళు దానికి తగ్గ పనులు చేస్తుంటే నేనేం చెయ్యను?

ఆ రోజు సంగతే చూడండి. ఆరో తరగతి, సైన్సు పీరియడ్. టేబుల్ మీద గాజు గ్లాసు, అందులో అంచు దాకా నీళ్ళు, పైన తేలుతూ ఒక మంచుముక్క. పిల్లలంతా బెంచీల మీంచి ముందుకు వంగి చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, ప్రపంచంలో ఇంతకు మించిన నిజం లేదన్నట్టు మొహం పెట్టి చెప్పాను.

"ఈ మంచు కరిగితే నీళ్ళు పెరుగుతాయి. పెరిగిన నీళ్ళు గ్లాసులో పట్టవు. పొంగి టేబుల్ మీద పడతాయి. రాసుకోండి."

అది అబద్ధం. నాకు తెలుసు. పిల్లలకీ తెలియాలి, కానీ నేను చెప్పకుండా తెలియాలి. అదీ మా ఆట. ప్రతి పాఠంలోనూ ఒక అబద్ధం కలుపుతాను. ఎక్కడ కలిపానో చెప్పను. అనుమానం వచ్చినవాళ్ళు లేచి నిలబడి "నిరూపిస్తాను సార్" అనాలి. అని ఊరుకుంటే చాలదు, చేసి చూపించాలి. పుస్తకంలో ఉంది, మా నాన్న చెప్పాడు అంటే నేను ఒప్పుకోను.

రెండో బెంచీలో ఒక పిల్ల ఉంది. ఊపిరి తిప్పుకోనివ్వకుండా ప్రశ్నలతో కుడుతుందని అందరూ కందిరీగ అంటారు. ఆ పిల్ల గ్లాసు వైపు చూసి కళ్ళు చిట్లించింది. బుర్రలో ఏదో తిరుగుతున్నట్టు బయటికే కనిపిస్తోంది. రెండు చేతులూ బెంచీ మీద ఆనించి లేవబోయింది. ఆ క్షణం కోసమే నేను ఈ ఉద్యోగం చేస్తున్నది.

"అలా పొంగవండీ! మీరు తప్పు చెప్తున్నారు."

గొంతు వెనక గోడ దగ్గర్నుంచి వచ్చింది. తియ్యటి ఆడగొంతు. క్లాసంతా ఒక్కసారిగా "అయ్యో అక్కా!" అంది. కందిరీగ ధబ్బున కూర్చుని తల బెంచీకి ఆనించేసింది.

అరికాలి మంట నెత్తికెక్కిందంటే నమ్మండి. వెనక్కి తిరిగి చూస్తే పొద్దున కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరమ్మాయి. పిల్లల కోసం కొత్తగా కొన్న ట్యాబ్లెట్లు బిగించడానికి వచ్చింది. మెడలో వైర్ల చుట్ట, చేతిలో స్క్రూడ్రైవరు, మొహంలో లోకాన్ని ఉద్ధరించిన తృప్తి.

"మీరిక్కడికి ఏం పని మీద వచ్చారు?" అన్నాను.

"ట్యాబ్లెట్లు పెట్టడానికండీ."

"మరి అవి పెట్టండి. పాఠం కూడా మీరే పెట్టేస్తారా?"

"తప్పు చెప్తుంటే ఎలా ఊరుకుంటామండీ? చిన్నపిల్లలు కదా, అదే నిజమనుకుంటారు."

"అది నా తప్పు కాదు. నా అబద్ధం!"

"ఏంటీ? పిల్లలకి అబద్ధాలు చెప్తున్నారా?" అని ఆవిడ నోరెళ్ళబెట్టింది.

పిల్లలు పకపకా నవ్వారు. ఆ సందడిలో ఆవిడ చెయ్యి ఎక్కడ తగిలిందో ఏమో, బెంచీల మీద ట్యాబ్లెట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. "నమస్కారం! నేను మీ చదువుల నేస్తాన్ని. ఏం సాయం కావాలి?" అన్నాయి. అన్నిట్లోనూ అదే గొంతు. ఆవిడ గొంతే.

పిల్లలు ట్యాబ్లెట్ల వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. "ఒరేయ్, అక్క డబ్బాలో కూడా ఉందిరోయ్!" అని ఎవరో అరిచారు. అప్పట్నుంచి దాని పేరు డబ్బా అక్క. ఈవిడ పేరు అసలక్క.

*

మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని కారాలు మిరియాలు నూరుతుంటే, రెండు కప్పుల టీ పట్టుకుని ఆవిడే వచ్చింది.

"సారీ చెప్దామని వచ్చాను."

"చెప్పండి."

"చెప్పాను కదా."

"ఎక్కడ చెప్పారు? చెప్దామని వచ్చానన్నారు."

"మీరెప్పుడూ ఇంతేనా?"

"కాదు. ఇవాళ కాస్త మంచిగా ఉన్నాను."

ఆవిడ నవ్వింది. అక్కడే నాకు చిర్రెత్తుకొచ్చింది. కోపంగా ఉన్న మనిషి ముందు నవ్వడమేంటి? అదీ అంత బాగా?

"అది సరే గానీ సార్, నిజంగా అడుగుతున్నా. అబద్ధం ఎందుకు చెప్తారు?"

"ఎందుకంటే, రేపెవరో తియ్యటి గొంతుతో వచ్చి ఏది చెప్తే అది నమ్మేస్తారు వీళ్ళు. నేను రోజూ ఎదురుగా నిలబడే మనిషిని. నన్నే ప్రశ్నించడం అలవాటైతే, ఇంకెవర్నీ గుడ్డిగా నమ్మరు."

"తియ్యటి గొంతంటే మా డబ్బానా?"

"గొంతు బాగుందని నేననలేదు."

"ఇప్పుడే అన్నారు."

"మాట వరసకి అన్నాను!"

ఆవిడ టీ కప్పు నా ముందుకి జరిపింది. "అయితే రేపు మీ క్లాసుకి మళ్ళీ వస్తాను. మా డబ్బాని పిల్లల చేత పరీక్ష పెట్టించండి. ఎక్కడ నమ్మాలో ఎక్కడ నమ్మకూడదో వాళ్ళే తేల్చుకుంటారు. అది బోల్తా పడితే నేను అందరి ముందూ ఒప్పుకుంటాను."

మాట తప్పకుండా వచ్చింది. పిల్లలు ఆ డబ్బాని పీక్కు తిన్నారు. ఎక్కాలు అడిగారు, ఠక్కున చెప్పింది. గ్రహణం ఎందుకు వస్తుందో చెప్పమన్నారు, చక్కగా చెప్పింది. వెనక బెంచీలో ఒక పిల్లాడు అర్థం కాక మళ్ళీ అడిగాడు, ఇంకోలా చెప్పింది. మళ్ళీ అడిగితే మళ్ళీ ఇంకోలా. నేనైతే మూడోసారికి ఇంతెత్తున లేచేవాణ్ణి. ఆ విషయం పిల్లలకే చెప్పాను. "అర్థం కానిది విసుక్కోకుండా చెప్పించుకోవాలంటే దాన్నే అడగండి. అక్కడ అది నాకంటే మేలు" అన్నాను. అసలక్క నా వైపు కొత్తగా చూసింది.

అప్పుడు కందిరీగ లేచింది. "మా క్లాసు కిటికీలో మొక్క ఎందుకు వాడిపోయింది?" అని అడిగింది.

"చాలా మంచి ప్రశ్న! నీళ్ళు ఎక్కువ కావడం వల్ల వేర్లు కుళ్ళి మీ మొక్క వాడిపోయింది" అంది డబ్బా, పక్కనే నిలబడి చూసినట్టు.

"నీకెలా తెలుసు?" అంది కందిరీగ.

"చాలా మంచి ప్రశ్న!" అంది డబ్బా మళ్ళీ, ఉత్సాహంగా. ఆ తర్వాత ఏదేదో చెప్పింది కానీ ఎలా తెలుసో మాత్రం చెప్పలేదు.

ఇంతలో మూల బెంచీలోంచి ఒక పిల్ల భయం భయంగా చెయ్యెత్తింది. "సార్, డ్రాయింగ్ పీరియడ్ అయ్యాక బ్రష్షులు కడిగిన రంగు నీళ్ళన్నీ నేనే అందులో పోస్తున్నాను."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పిల్లని తిట్టబోయి ఆగాను, ఎందుకంటే అసలక్క ముందుకొచ్చి నిలబడింది. నిన్నటి తృప్తి మొహంలో లేదు.

"చూడండి పిల్లలూ. అది ఈ మొక్కని చూడలేదు. లోకంలో మొక్కలు మామూలుగా ఎందుకు వాడిపోతాయో చదువుకుంది, అందులోంచి ఒకటి తీసి చెప్పేసింది. మీ గదిలో ఏం జరిగిందో, మీ ఇంట్లో ఎవరేమన్నారో దానికి తెలీదు. తెలీదని దానికీ తెలీదు. ఒంటికి ఏదైనా బాగా లేకపోతే మాత్రం దాన్ని అస్సలు అడగొద్దు, పెద్దవాళ్ళకి చూపించండి. మీ చెయ్యి పట్టుకుని అది చూళ్ళేదు కదా. దీన్ని తయారు చేసింది నేను. నేనే చెప్తున్నాను."

తను చేసిన వస్తువు గురించి అలా మాట్లాడే మనిషిని నేనంతవరకూ చూడలేదు. లోపల ఏదో మెత్తబడింది. దాంతో నా మీద నాకే కోపమొచ్చింది.

*

ఇంట్లో ఉండేది నేనూ మా అమ్మా. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ వేసే ప్రశ్న ఒకటే.

"ఏరా, ఇవాళ ఎవరి మీద?"

"ఆ ట్యాబ్లెట్లమ్మాయి మీద."

"నిన్న కూడా ఆ అమ్మాయి మీదేగా?"

"రోజూ ఏదో ఒకటి చేస్తుందమ్మా! ఇవాళ వానొస్తే తన గొడుగు నాకిచ్చి తను తడుసుకుంటూ పోయింది. అడిగానా నేను? రేపు జలుబు చేస్తే ఎవరిది బాధ్యత?"

"ఊఁ" అంది అమ్మ. ఆ 'ఊఁ' నాకేం నచ్చలేదు.

ఆవిడ మిగతా క్లాసుల్లో ట్యాబ్లెట్లు బిగిస్తూనే, రోజూ చివరి గంటకి ఏదో వంకతో మా గదికి వచ్చేది. వెనక బెంచీలో కూర్చుని నా అబద్ధం పట్టుకోవడానికి పిల్లలతో పోటీ పడేది. పట్టుకున్నా పైకి అనేది కాదు, పెదవి కొరుక్కుని నా వైపు చూసేది. ఆ చూపుకి నేను చెప్పాల్సిన నిజాలు కూడా మర్చిపోయేవాణ్ణి. "సార్, ఇవాళ రెండు అబద్ధాలు చెప్పారు" అని కందిరీగ పట్టేసింది ఒకసారి. రెండోది నేను కావాలని చెప్పింది కాదు.

గొడుగు తిరిగిచ్చేటప్పుడు మళ్ళీ వాన. ఇద్దరం ఒకే గొడుగు కింద బస్టాపు దాకా నడిచాం. దారంతా పోట్లాటే. గొడుగంతా నా వైపే వంచుతోందని నేను, ఎత్తు ఎక్కువున్న మీరే పట్టుకోవాలని ఆవిడ.

"మీకు కోపం రాని విషయం ఏదైనా ఉందా సార్?" అంది బస్సెక్కుతూ.

ఉంది, నా పక్కనే నడిచింది అనాలనుకున్నాను. బస్సు కదిలిపోయింది.

*

ఆ వారంలోనే ప్రిన్సిపాల్ మేడం కబురు పెట్టారు. వెళ్ళేసరికి కళ్ళజోడు పైకి తోసుకుని ట్యాబ్లెట్ చూస్తున్నారు.

"కూర్చోండి మాస్టారూ. ఒక విషయం అడుగుతాను, కోప్పడకూడదు."

ఆ మాట వింటేనే నాకు సగం కోపం వచ్చేసింది.

"ఈ ట్యాబ్లెట్లు టీచర్లు చెప్పే పాఠం వింటాయి, తెలుసుగా?"

తెలుసు. వెనక బెంచీ వాళ్ళు మన మాటల్ని అక్షరాల్లో చదువుకోవడానికని అసలక్కే చెప్పింది.

"వినడమే కాదు, ఎవరు ఎన్ని తప్పులు చెప్తున్నారో లెక్క కట్టి నాకు పంపుతాయి. స్కూలు మొత్తంలో అందరికంటే కింద మీరున్నారు. రోజూ తప్పు చెప్తున్నారట, అదీ గట్టి నమ్మకంతో. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. వాళ్ళు అడిగితే నేనేం చెప్పను? ఆరో తరగతి మీ దగ్గర్నుంచి తీసేస్తున్నాను."

"అవి తప్పులు కావు మేడం! కావాలని చెప్పేవి. పిల్లలు పట్టుకుంటారు. ఒక్కసారి నా క్లాసుకొచ్చి కూర్చోండి."

"అందరి క్లాసుల్లో కూర్చుని వినే తీరిక నాకెక్కడిదయ్యా? దాని కోసమేగా ఇది కొన్నాం. అంత పెద్ద మెషీను అబద్ధం చెప్తుందా?"

పిల్లలకి నేర్పుతున్న పాఠం ఈవిడ కుర్చీ దాకా రాలేదు. ఆ పిల్లల్ని నా దగ్గర్నుంచి తీసేసుకుంటారట. ఇంకా కందిరీగకి అయస్కాంతాలు చెప్పలేదు. ఆ మూడుసార్లు అడిగే పిల్లాడు ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నాడు.

బయటికొస్తే వాన. స్కూలు మెట్ల దగ్గర అసలక్క గొడుగు విప్పుతూ, నన్ను చూసి నవ్వబోయింది.

"మాకు మార్కులేసే ప్రోగ్రాం కూడా మీరే రాశారా?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "అవును. ఏమైంది?"

"ఏమైందా? నా క్లాసు పోయింది! మీ డబ్బా నన్ను మొద్దుగాడి కింద లెక్క కట్టి ప్రిన్సిపాల్‌కి పంపింది."

"ప్రిన్సిపాల్‌కా? లేదు సార్, అది టీచర్లకే వెళ్ళాలి. అద్దంలో చూసుకున్నట్టు ఎవరిది వాళ్ళు చూసుకోవడానికి రాశాను. ఆవిడకి ఎలా వెళ్ళింది?"

"మీ కంపెనీ వాళ్ళు పంపుతున్నారు. ఇంకెలా వెళ్తుంది?"

"నాకెవరూ చెప్పలేదు."

"మీరు అడగలేదు! పిల్లలకి మనం నేర్పేది అదేగా? వాడిపోయిన మొక్క గురించి, నీకెలా తెలుసని ఆ చిన్నపిల్ల అడిగింది. మీరు నా గురించి ఒక్కసారి మీ డబ్బాని అడిగారా? నా ఆట ఏంటో దానికి తెలీదు, సరే. అది దాని తప్పు కాదు. మీకు తెలుసు. రోజూ వెనక బెంచీలో కూర్చుని చూశారు. ఇది మీ తప్పు!"

"ఒప్పుకుంటున్నాను. నేను సరిచేస్తాను, కాస్త..."

"ఆ తియ్యటి గొంతుతో ఇంకేం చెప్పకండి. మీ గొంతు వింటేనే ఒళ్ళు మండుతోంది!"

ఆవిడ గొడుగు విప్పకుండానే వానలోకి దిగి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అమ్మ "ఎవరి మీదరా?" అంటే జవాబు చెప్పకుండా పడుకున్నాను.

*

శనివారం మా గదిలోనే మీటింగు. పిల్లల పక్కన ఇరుకు బెంచీల్లో తల్లిదండ్రులు ఒదిగి కూర్చున్నారు. ప్రిన్సిపాల్ మేడం ముందు నిలబడి కొత్త ట్యాబ్లెట్లని మెచ్చుకుని, తర్వాత నా వైపు చూడకుండా అసలు విషయం చెప్పారు. సైన్సు పాఠాల్లో తప్పులు దొర్లుతున్నాయని మెషీను కనిపెట్టిందనీ, సోమవారం నుంచి వేరే టీచరు వస్తారనీ.

"తప్పులు చెప్పే ఆయన్ని ఇన్నాళ్ళూ ఎందుకుంచారండీ?" అన్నాడు ఒక తండ్రి. గోడకి చేరబడి నేను పళ్ళు నూరుతున్నాను. నోరు విప్పితే గది పైకప్పు లేచిపోతుందని భయం.

కందిరీగ లేచింది. పక్కన వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుని కిందికి లాగుతున్నా ఆగలేదు.

"మేడం, డబ్బా అక్కకి ఎలా తెలుసు?"

"అది పాఠమంతా వింటుందమ్మా."

"అంతా వింటే, మేము తప్పు పట్టుకున్నది కూడా వినాలి కదా మేడం? మొన్న సార్ పెద్ద రాయి చిన్న రాయి కంటే ముందు కింద పడుతుందన్నారు. మేము రెండూ ఒకేసారి పడతాయని చూపించాం. సార్ చప్పట్లు కొట్టారు. అది విందా?"

మేడం ట్యాబ్లెట్ వైపు చూశారు. అందులో చప్పట్ల సంగతేం లేదు.

"వినదు" అంది తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు.

అసలక్క. ఎప్పుడొచ్చిందో తెలీదు. మెడలో కంపెనీ కార్డు తిప్పి వెనక్కి వేసుకుంది. లోపలికొచ్చి మేడం పక్కన నిలబడింది.

"అది ఒక్కో మాటనీ విడిగా తీసుకుని తప్పా ఒప్పా అని చూస్తుంది. తర్వాత ఏం జరిగిందో చూడదు. అలా రాసింది నేనే. దాని లెక్కలో మీ స్కూల్లో ఒక్క తప్పు కూడా చెప్పని టీచరు ఎవరో తెలుసా మేడం? డ్రిల్ మాస్టారు. ఆయన లెఫ్ట్, రైట్ తప్ప ఇంకేం అనరు కాబట్టి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఈ మార్కులు నమ్మి ఈ సార్‌ని తీసేస్తే, ఆ తప్పు మెషీనుది కాదు, నాదీ మీదీ. నా ముందు ఈ పిల్లలు దాన్ని నీకెలా తెలుసని అడిగారు. పెద్దవాళ్ళం మనం అడగలేదు."

కందిరీగ వాళ్ళ నాన్న నెమ్మదిగా లేచాడు. బస్సు డ్రైవరాయన. "మా పిల్ల ఇంట్లో నన్ను కూడా బతకనివ్వట్లేదండీ. ఏం చెప్పినా ఎలా తెలుసు నాన్నా అంటుంది. మొదట్లో రెండు తగిలిద్దామనుకున్నా. కానీ మొన్న బ్యాంకు నుంచంటూ ఎవరో ఫోన్లో నంబర్లు చెప్పమంటే, చెప్పబోతున్నా. ఈ పిల్లే ఫోన్ లాక్కుని, నువ్వు బ్యాంకువాడివని మాకెలా తెలుసని అడిగింది. వాడు పెట్టేశాడు. ఈ సార్‌ని మాత్రం మార్చొద్దండీ."

గదంతా గుసగుసలు. ప్రిన్సిపాల్ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డావిడ కాదు, పని ఎక్కువున్న మనిషి. "సోమవారం నేనే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను. ఆరో తరగతి ప్రస్తుతానికి ఈయన దగ్గరే ఉంటుంది" అన్నారు.

పిల్లలు కేకలు పెట్టారు. నేను వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని తలుపు దాకా వెళ్ళేసరికి అసలక్క లేదు.

*

మళ్ళీ రాలేదు కూడా. కస్టమర్ల ముందు కంపెనీ పరువు తీసిందని ఆవిణ్ణి స్కూలు పని నుంచి తప్పించారట. మిగిలిన ట్యాబ్లెట్లు బిగించడానికి ఎవరో మీసాలాయన వచ్చాడు. ప్రిన్సిపాల్ మేడం మాత్రం సోమవారం మాట ప్రకారం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు, ఆరో తరగతి నా దగ్గరే ఉండిపోయింది.

మనిషి లేదు, గొంతు మాత్రం రోజంతా గదిలోనే ఉంది. "నమస్కారం! ఏం సాయం కావాలి?" "చాలా మంచి ప్రశ్న!" నేను బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు ఆ గొంతు వినిపిస్తే సుద్దముక్క వదిలేసి వెనక్కి తిరిగేవాణ్ణి. చూస్తే డబ్బా. ఇంత కోపం నాకు జన్మలో రాలేదు. ఫోను చేద్దామని తీసి, ఒళ్ళు మండుతోందన్న మాట గుర్తొచ్చి, మళ్ళీ జేబులో పెట్టేసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పిల్లలు భోజనాలకి వెళ్ళాక కందిరీగ ట్యాబ్లెట్ ముందు కూర్చుని ఉంది.

"అక్కా, నువ్వెప్పుడొస్తావు?" అని అడుగుతోంది.

"నేను ఇక్కడే ఉన్నాను! ఎప్పుడూ నీతోనే ఉంటాను" అంది డబ్బా, ఆవిడ గొంతుతో, హాయిగా.

"కట్టెయ్ దాన్ని!" అని అరిచాను.

కందిరీగ బెదరలేదు. కట్టేసి, నా వైపు తిరిగింది. "నాకు తెలుసు సార్, ఇది అక్క కాదు. ఊరికే అడిగి చూశా. అక్కయితే, భోజనం మానేసి ఇక్కడేం చేస్తున్నావని తిట్టేది." టేబుల్ మీద విప్పని నా క్యారేజీ వైపు చూసి, "మీరూ తినట్లేదు కదా సార్" అంది.

బడి వదలగానే బస్సెక్కాను. వాన. గొడుగు లేదు.

*

ఆవిడ ఆఫీసు పెద్ద అద్దాల మేడ. బూట్ల బురదతో లోపలికి అడుగు పెట్టగానే, గుమ్మం దగ్గరున్న తెర వెలిగింది.

"స్వాగతం! మీరు ఎవరిని కలవాలి?"

అదే గొంతు. ఇక్కడ కూడా!

"నిన్నే!" అన్నాను.

"క్షమించండి, నాకు అర్థం కాలేదు. మీరు ఎవరిని కలవాలి?"

"నీ అసలు మనిషిని! నీకు గొంతిచ్చినావిణ్ణి! ఎక్కడ దాచిపెట్టారు?"

"చాలా మంచి ప్రశ్న!"

నేను ఇంతెత్తున లేచాను. ఏమేం అన్నానో నాకే తెలీదు. లోపల పని చేసుకుంటున్నవాళ్ళంతా కుర్చీల్లోంచి లేచి అద్దాల అవతల నిలబడ్డారు. వాళ్ళని తోసుకుంటూ ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

"బుద్ధుందా మీకు? ఆఫీసుకొచ్చి మెషీను మీద అరుస్తారా? ఒళ్ళంతా తడుపుకుని? జ్వరమొస్తే రేపు పిల్లలకి పాఠం ఎవరు చెప్తారు?"

ప్రాణం లేచొచ్చింది నాకు. "ఇన్ని రోజులు ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదేం?" అన్నాను.

"ఎలా చేస్తాను? నా గొంతు వింటే ఒళ్ళు మండుతోందన్నదెవరు? నా దగ్గరున్నది ఈ ఒక్క గొంతే! ఏ గొంతుతో ఫోన్ చెయ్యమంటారు?" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటి మీద కూడా ఆవిడకి కోపం వచ్చినట్టుంది, చేత్తో గట్టిగా తుడిచేసుకుంది.

"తప్పే. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అదలా ఉంచండి, నా కోసం మీ పని పోగొట్టుకోమని ఎవరడిగారు?"

"మీ కోసం కాదు. తప్పు నాది, చెప్పాను. ఆ మార్కుల ముక్క తీసేసేదాకా మేనేజర్‌తో రోజూ గొడవే. మీ పుణ్యమా అని నాకూ కోప్పడటం వచ్చేసింది."

"మరి ఆ రోజు మీటింగు నుంచి నా వైపు చూడకుండా ఎందుకెళ్ళిపోయారు?"

"చూస్తే ఏడుపొస్తుందని!"

ఇక నా వల్ల కాలేదు. "చూడండి. ఆ డబ్బా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ గొంతుతో మాట్లాడుతోంది. ఒక్కసారి తిట్టదు. ఒక్కసారి అలగదు. నేను ఏమన్నా మంచి ప్రశ్న అంటుంది. నాకు పిచ్చెక్కుతోంది. నాకు మీరు కావాలి. మీరంటే ఇష్టం నాకు. చెప్పడం రాక ఇన్నాళ్ళూ అరిచాను."

"ఇప్పుడు కూడా అరుస్తూనే ఉన్నారు!"

"నాకు ఇలాగే వచ్చు!"

"అయితే నేనూ అరిచే చెప్తున్నాను. నాకూ మీరంటే ఇష్టమే. ఆ టీ కప్పు ఇచ్చిన రోజు నుంచీ!"

"క్షమించండి, నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పగలరా?" అంది తెర.

"నువ్వు నోర్మూసుకో!" అన్నాం ఇద్దరం ఒకేసారి. అద్దాల అవతల ఎవరో ఈల వేశారు.

*

తడుస్తూనే ఆవిణ్ణి మా ఇంటికి తీసుకొచ్చి, ముందు లోపలికెళ్ళి ఒళ్ళు తుడుచుకోమనాల్సింది పోయి, మెట్ల మీదే నిలబడి మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు గొడవ ఏంటంటే, శనివారాలు మా పిల్లలకి డబ్బాతో పాఠం ఆవిడే చెప్తానంటుంది. చెప్పండి, కానీ నా క్లాసులో నా ఆటే ఆడాలి అన్నాను. మీ ఆట పాతబడింది, ఇకనుంచి పిల్లలే మనకి అబద్ధాలు చెప్తారు, మనం పట్టుకోవాలి అంది. అది కుదరదన్నాను, పిల్లలు మరీ ముదిరిపోతారని. మీరు ఓడిపోతారని భయమా అంది. నాకా, భయమా? నా గొంతు లేచింది, ఆవిడది ఇంకా లేచింది.

తలుపు తెరుచుకుంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ పైనుంచి కింది దాకా చూసింది. చేతిలో పొడి తువ్వాలు ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలీదు.

"ఈ అమ్మాయేనా?" అంది నాతో.

"ఊఁ" అన్నాను.

అమ్మ తువ్వాలు ఆవిడ తల మీద కప్పి, చెంప మీది తడి తన చీరకొంగుతో అద్దింది.

"వీడు తనకి నచ్చనివాళ్ళతో అసలు మాట్లాడనే మాట్లాడడమ్మా. వాళ్ళ నాన్నా ఇంతే, నాతో జీవితమంతా పోట్లాడాడు. అలా వానలో నిలబడితే ఎలా? ఇద్దరూ లోపలికొచ్చి పోట్లాడుకోండి."